పందేల ట్రాక్‌లో గుర్రాల షో: ఒక పాత సైసు చూసొచ్చిన సంగతులు

మా మనవరాలికి మొన్నటిదాకా గుర్రమంటే మా ఊరి సెంటర్లో కాటన్ దొర ఎక్కి కూర్చున్న సిమెంటు గుర్రమే. డెల్టాలో పుట్టిన పిల్లలు చాలామందికి అంతే. ఆయన కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆ మహానుభావుడిని ఇవాళ్టికీ ఊరూరా గుర్రం మీద కూర్చోబెట్టి దండలేస్తున్నాం. నిజం గుర్రాన్ని దగ్గరగా చూడాలంటే మాత్రం పెళ్ళి ఊరేగింపే గతి. బ్యాండు మోతకి బెదిరి, కళ్ళు తెల్లగా తిప్పుతూ, నోట నురగ కక్కే గుర్రం. పిల్లలు గుర్రాన్ని మొదటిసారి అలా చూడకూడదండి. నాకది ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

నేను 1988 నుంచి 2012 దాకా 24 ఏళ్ళు హైదరాబాద్ మలక్‌పేట రేసుకోర్సులో సైసుగా పనిచేశాను. తెల్లారగట్ల 4కి లేవడం, లాయం ఊడ్చడం, దాణా పెట్టడం, మాలిష్ చేయడం, ట్రాక్ మీదికి తోలుకెళ్ళడం, తీసుకొచ్చి చల్లారేదాకా నడిపించడం. ఇప్పుడు ఊళ్ళో కొబ్బరితోట చూసుకుంటున్నాను. రావులపాలెం అవతల, సంక్రాంతికి ఎడ్ల పందేలు జరిగే ట్రాక్‌లో ఎవరో గుర్రాల షో గ్రౌండు కట్టారని, టూరిస్టుల కోసం ఆదివారం ఆదివారం షో వేస్తున్నారని తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఉగాదికి ముందు ఆదివారం మా ఆవిడని, తొమ్మిదేళ్ళ మనవరాలిని తీసుకుని వెళ్ళొచ్చాను. కొత్తగా పెట్టిన చోటు. దిద్దుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి గనక పేరు రాయడం లేదు. అటువైపు వెళ్ళేవాళ్ళకి ఎలాగూ కనిపిస్తుంది.

ముందు ఈ ఆలోచన గురించి చెప్పాలి. పందేల ట్రాక్ మధ్యలో షో గ్రౌండేంటి అని మా ఊళ్ళో చాలామంది అడిగారు. అది కొత్త సంగతేం కాదు. రేసుల సీజన్‌కి గుర్రాల్ని తీసుకుని నేను బొంబాయి వెళ్ళేవాణ్ణి. అక్కడ మహాలక్ష్మి రేసుకోర్సులోనే అమెచ్యూర్ రైడర్స్ క్లబ్బు ఉంది. చుట్టూ పరుగు ట్రాక్, లోపల పిల్లలు స్వారీ నేర్చుకోవడం, గుర్రాల్ని అడ్డాలు దూకించే షో జంపింగ్ పోటీలు. ఒకే స్థలం, రెండు పనులు. మన దగ్గర ఎకరం ఖరీదు తెలిసిందే కదా. సెంటు భూమి కూడా ఖాళీగా ఉంచని ప్రాంతంలో, ఏడాదికి నాలుగు రోజులు ఎడ్లు పరిగెత్తి మిగతా 361 రోజులు గేదెలు మేసే జాగా అది. దారి ఉంది, కాలవ నీళ్ళున్నాయి, బండ్లు పెట్టుకునే చోటుంది, జిల్లా అంతటికీ తెలిసిన చోటు. కొబ్బరిచెట్లు కొట్టకుండా, చెరువు పూడ్చకుండా, ఉన్నదాన్నే వాడుకున్నారు. అందుకు మెచ్చుకుని తీరాలి.

లోపలికి వెళ్ళగానే జనం గ్యాలరీ వైపు వెళ్తే నేను నేల చూడ్డానికి వెళ్ళాను. సైసుగా పనిచేసినవాడెవడైనా అదే చేస్తాడు. మనది ఒండ్రు నేల. తడిస్తే బంక, ఎండితే పలక, నాలుగడుగులు తవ్వితే ఊట. ఆ నేల మీద గుర్రాన్ని దూకిస్తే కాలు పోతుంది. వీళ్ళు మూడడుగులు ఎత్తు చేసి, గ్రావెల్ పోసి, రోలరు తొక్కించి, అటూ ఇటూ వాలు ఇచ్చి, చుట్టూ కాలవ తీశారు. దాని మీద ఇసుక ర్యాంపు నుంచి తెచ్చిన సన్న ఇసుక. ఉత్త ఏటి ఇసుక అయితే గుండ్రంగా ఉండి డెక్క కింద జారిపోతుంది. అందుకని కొబ్బరి పీచు కలిపారు. కొబ్బరి పుట్టిన గడ్డ మీద ఇంతకంటే తెలివైన పని ఏముంటుంది? పీచు ఇసుకని పట్టుకుంటుంది, చల్లిన నీటిని పీల్చుకుని దుమ్ము లేవనివ్వదు.

చెప్పు విప్పి మడమతో గట్టిగా నొక్కి చూశాను. రెండంగుళాలు మెత్తగా దిగి, కింద గట్టి తగిలింది. అలాగే ఉండాలి. అయిదారు అంగుళాలు దిగితే గుర్రం అడుగడుగుకీ కాలు లాక్కోవాలి. ముందు కాలికి మోకాలి కింద, వెనకవైపు తాడులా తగిలే నరం ఉంటుంది, రేసుకోర్సులో టెండన్ అంటారు. 450, 500 కిలోల జంతువు దూకి దిగేటప్పుడు ఆ బరువంతా ఒక్క క్షణం ఒకే ముందు కాలి మీద పడుతుంది. నేల లోతుగా ఉంటే ఆ నరం సాగిపోతుంది. ఒక్కసారి సాగిన గుర్రాన్ని నెలల తరబడి కట్టేసి ఉంచాలి, అయినా మళ్ళీ మునుపటిలా అవుతుందన్న నమ్మకం లేదు. ఇలాంటి కాళ్ళకి రాత్రుళ్ళు ఐసు కట్టిన చేతులు నావి. ఈ గ్రౌండులో మొత్తం బాగుంది గానీ, గేటుకి ఎడమ మూల ఒక మంచం పరిచేంత మేర నీళ్ళు నిలిచి మెత్తబడింది. అక్కడున్న కుర్రాడికి చూపించాను. "నిన్న ట్యాంకరు అక్కడే ఆపామండీ బాబాయ్ గారూ" అని పార తెచ్చి అప్పటికప్పుడే సర్దాడు. నా మాట పట్టించుకున్నాడు, సంతోషం.

ఆ కుర్రాడి ఊరు తాడేపల్లిగూడెం. ఏడాదిగా పని నేర్చుకుంటున్నాడట. లాయం చూపించమంటే కాదనలేదు. పన్నెండు గుర్రాలు. గదులు ఒక్కొక్కటి 12 అడుగులకి 12, పైన తాటాకు పందిరి మీద మళ్ళీ రేకు, ఎదురెదురు కిటికీలు, ప్రతి గదికీ ఫ్యాను. కింద వరి ఊక పరిచారు. నేను ఒక గుర్రం కాలు ఎత్తించి, డెక్క గీకించి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాను. మా ఆవిడ మొహం తిప్పుకుంది. కానీ లాయం సంగతి తెలిసేది అక్కడేనండి. తడిలో నిలబెట్టేసిన గుర్రానికి డెక్క మధ్యలో మెత్తటి భాగం కుళ్ళి నల్లగా కారుతుంది, ఆ కంపు ఒకసారి పీలిస్తే జన్మలో మర్చిపోలేం. మన డెల్టా తేమకి అది రావడం ఎంతసేపు? ఇక్కడ ఎండుగడ్డి వాసన, తోలు వాసన, అంతే. రెండో గుర్రానిదీ చూశాను. శుభ్రంగా ఉంది.

దాణా దగ్గర మాత్రం ఆగిపోయాను. మూడు బస్తాల తవుడు కనిపించింది. రైసుమిల్లులు పక్కనే, తవుడు చవక, గేదెలు ఇష్టంగా తింటాయి, గుర్రాలకీ పెడితే ఏం అనుకుంటారు. గుర్రానికి తవుడు ఎక్కువైతే ఎముకలు పాడవుతాయి. తవుడులో భాస్వరం ఎక్కువ, సున్నం తక్కువ. ఆ లోటు తీర్చడానికి ఒళ్ళు ఎముకల్లో సున్నాన్ని లాగేస్తుంది. చివరికి మొహం ఎముకలు ఉబ్బి దవడ పెద్దదవుతుంది. నేపియర్, పారాగడ్డి మీదే పెంచినా ఇదే గొడవ, ఆ గడ్డిలో ఉండే గుణం సున్నాన్ని ఒంటికి పట్టనివ్వదు. డాక్టరు గారు నెలకోసారి వస్తారని, దాణాలో సున్నం పొడి కలుపుతున్నామని, ఉలవలు నానబెట్టి, ఎండు లూసర్న్ గడ్డి బయటి నుంచి తెప్పించి పెడుతున్నామని కుర్రాడు చెప్పాడు. కాస్త ఊపిరి పీల్చుకున్నాను. అయినా ఆ మూడు బస్తాల్ని ఒక బస్తాకి తగ్గించమని యజమాని గారికి చెప్పి వచ్చాను. ఇంకో మాట. లాయానికి వంద గజాల్లో గేదెల పాక ఉంది. జోరీగలు గేదెని కుట్టి, వచ్చి గుర్రాన్ని కుడితే సర్రా జ్వరం వస్తుంది. గేదె మీద పెద్దగా కనపడని జబ్బు గుర్రాన్ని నిలువునా తీసేస్తుంది. కిటికీలకి దోమతెర వేశారు, తలుపులకి వేయలేదు. వేయాలి.

గుర్రాల్లో అయిదు రేసుల్లోంచి విరమించినవి. భుజం మీద స్టడ్ ఫారం, అంటే రేసు గుర్రాల్ని పుట్టించి పెంచే చోటు, ముద్ర చూడగానే గుర్తుపట్టాను. ఇది నా మనసుకి దగ్గరైన విషయం. గుర్రం 25, 30 ఏళ్ళు బతుకుతుంది. పరుగు మాత్రం చాలావాటికి ఆరేడేళ్ళకే అయిపోతుంది. ఆ తర్వాత ఎక్కడికి పోతుంది? నేను సాకిన గుర్రాలు కొన్ని ఏ ఊరేగింపు బండికి వెళ్ళాయో, ఎవరి చేతిలో పడ్డాయో ఇవాళ్టికీ తెలియదు. లారీ ఎక్కించేటప్పుడు మెడ మీద చెయ్యేసి నిలబడటం తప్ప నేను చేయగలిగింది లేకపోయేది. అలాంటి గుర్రానికి ఇక్కడ రెండో పని దొరికింది. పరుగెత్తడమే తెలిసిన గుర్రానికి నిదానంగా, గుండ్రంగా, తల దించి నడవడం నేర్పాలంటే ఏడాది పైనే పడుతుంది. ఆ ఓపిక ఎవరో పట్టారు. మిగతా వాటిలో రెండు రాజస్థాన్ వైపు మార్వారీ జాతివి, చెవుల కొసలు లోపలికి వంగి ఒకదానికొకటి తగులుతూ ఉంటాయి. మా మనవరాలు ఆ చెవులు చూసి అక్కడి నుంచి కదలనంది.

ఇక షో. ముందు డ్రెస్సాజ్, అంటే రౌతు సైగలకి గుర్రం లెక్కప్రకారం నడకలు, మలుపులు చేసి చూపించే పోటీ. 60 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు గీతలు కట్టి, చుట్టూ అక్షరాల బోర్డులు పెట్టారు. "తాతా, ఎ తర్వాత కె రాశారేంటి?" అంది మనవరాలు. అవి చదువుకునే వరసలో ఉండవమ్మా, గుర్తుల కోసం పెట్టినవి, ఎ దగ్గర లోపలికి వస్తారు, ఎదురుగా సి దగ్గర జడ్జీ కూర్చుంటారు అని చెప్పాను. నట్టనడుమ ఎక్స్ అని ఒక చోటుంటుంది, దానికి బోర్డు ఉండదు. రౌతు దాన్ని మనసులోనే కొలుచుకుని సరిగ్గా అక్కడ గుర్రాన్ని ఆపి, తల వంచి నమస్కారం పెట్టాలి. ఆ రోజు ముగ్గురిలో ఒక్కరు సరిగ్గా ఆపారు. గుర్రం నాలుగు కాళ్ళూ నాలుగు స్తంభాల్లా నిలబడింది. గ్యాలరీలో ఎవరికీ పెద్దగా పట్టలేదు. నాకు ఒళ్ళు జలదరించింది.

మైకులో చెప్పేవాడు హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల సంగతి చెప్పాడు. 2023లో సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగ్, హృదయ్ ఛేడా, అనుష్ అగర్వాలా కలిసి ఇదే డ్రెస్సాజ్‌లో మన దేశానికి బంగారు పతకం తెచ్చారు. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల తర్వాత గుర్రాల పోటీల్లో మనకి బంగారం మళ్ళీ రావడానికి 41 ఏళ్ళు పట్టింది. ఇలాంటి మాటలు చెప్తే జనం చూసే తీరు మారుతుంది. అప్పటిదాకా ఫోనులో మునిగి ఉన్న మా పక్కసీటు అబ్బాయి తలెత్తి చూశాడు.

తర్వాత జంపింగ్. ఎనిమిది అడ్డాలు, పెద్దది ఒక మీటరు ఎత్తుంటుంది. కర్ర పడితే 4 తప్పులు, గుర్రం ఆగిపోయినా 4. ఎర్ర ఆడగుర్రం ఒకటి, రేసుల్లోంచి వచ్చిందే, అయిదో అడ్డం ముందు గబుక్కున ఆగిపోయింది. స్వారీ చేసే అమ్మాయికి ఇరవై ఏళ్ళుంటాయి. చేతిలో కొరడా ఉంది. ఎత్తలేదు. పగ్గాలు కాస్త వదిలి, మెడ నిమిరి, చిన్న చుట్టు తిప్పి, అదే అడ్డానికి నిదానంగా తీసుకొచ్చింది. ఈసారి దూకింది. గ్యాలరీ అంతా లేచి చప్పట్లు. పోటీ లెక్కలో ఆ అమ్మాయి వెనకబడింది, నా లెక్కలో ఆ రోజు గెలిచింది ఆవిడే.

ఇప్పుడు నాకు కష్టమనిపించినది. షో పెట్టింది పొద్దున్న 11కి. ఉగాది రోజుల్లో మన డెల్టా ఉక్క ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఎండ కన్నా తేమ చెడ్డది, చెమట ఆరదు. గుర్రం మనలాగే చెమటతోనే చల్లబడుతుంది, ఆ చెమట ఆరకపోతే వేడి లోపలే ఉండిపోతుంది. షో అయ్యాక ఆ ఎర్రగుర్రం దగ్గరికి వెళ్ళి, దిగిపోయిన పావుగంటకి డొక్క చూస్తూ ఊపిరి లెక్కపెట్టాను. నిమిషానికి 64. విశ్రాంతిగా ఉన్న గుర్రానికి 8 నుంచి 16 ఉండాలి. కుర్రాళ్ళు తడిగుడ్డతో తుడుస్తున్నారు. నీళ్ళు పోయండి, చన్నీళ్ళే పోయండి, గీకేసి మళ్ళీ పోయండి అన్నాను. వేడి గుర్రం మీద చన్నీళ్ళు పోస్తే పట్టేస్తుందని మా రోజుల్లో మాకూ నేర్పారు. 1996 అట్లాంటా ఒలింపిక్స్ కోసం చేసిన పరిశోధనల్లో అది తప్పని, చన్నీళ్ళే గుర్రాన్ని కాపాడతాయని తేలింది. ఆరేడు బకెట్లు పోశాక డొక్క నెమ్మదించింది. నేను దానికి బకెట్ పెడితే గటగటా సగం తాగి, తడి మూతి నా చొక్కాకి రాసింది. పన్నెండేళ్ళు పైనే అయిందండి, ఒక గుర్రం నాకలా మూతి రాసి.

యజమాని గారు అక్కడే ఉంటే అడిగాను. మర్యాదస్తుడు, విన్నారు. "ఏం చేయమంటారండి, దిండిలో టిఫిన్లు చేసి బయల్దేరిన కార్లు ఇక్కడికి వచ్చేసరికి పదకొండవుతోంది. వాళ్ళు పూతరేకులు కొనుక్కుని, భోజనం టైముకి రాజమండ్రి వైపు వెళ్ళిపోతారు" అన్నారు. ఆయన లెక్క ఆయనది. నేను హాంగ్‌కాంగ్ సంగతి చెప్పాను. 2008లో ఒలింపిక్స్ బీజింగ్‌లో జరిగినా, గుర్రాల పోటీలు మాత్రం హాంగ్‌కాంగ్‌లో షాటిన్ రేసుకోర్సు దగ్గర పెట్టారు. ఆగస్టు నెల, మనలాంటి ఉక్కే. అందుకని డ్రెస్సాజ్, జంపింగ్ పొద్దు వాలాక లైట్ల వెలుతురులో నడిపారు. మంచులా నీళ్ళు చిమ్మే ఫ్యాన్లు పెట్టారు. ప్రపంచంలోకెల్లా ఖరీదైన గుర్రాలకే ఆ జాగ్రత్త కావాల్సి వస్తే మనమెంత?

ఇంకో సంగతి కూడా చెప్పాను. "పదకొండింటి షోకి వచ్చినవాళ్ళు మధ్యాహ్నానికి వెళ్ళిపోతారు. సాయంత్రం 5 నుంచి 7 దాకా పెట్టండి, రాత్రికి ఇక్కడే ఉంటారు. గది తీసుకుంటారు, పులస రోజుల్లో పులస, లేకపోతే నాటుకోడి తింటారు, తెల్లారి కడియం తోటలు చూస్తారు. మీ టికెట్టుతో పాటు చుట్టుపక్కల పదిమందికి పని దొరుకుతుంది." టూరిజం కోసమే కట్టామని బోర్డు మీద రాసుకున్నారు కదా. టూరిస్టు మన దగ్గర ఒక రాత్రి నిద్రపోతేనే ఊరికి డబ్బు మిగిలేది. ఆయన తల ఊపి, లైట్లకి ఎంతవుతుందో కనుక్కుంటానన్నారు. మే నెలలో షోలు పూర్తిగా ఆపేస్తామని కూడా మాటిచ్చారు.

స్పీకర్ల సంగతీ చెప్పాలి. గుర్రాలు లోపలికి వచ్చే దారి పక్కనే నిలువెత్తు స్పీకర్లు పెట్టారు. డ్రెస్సాజ్‌కి మెత్తటి సంగీతం పెట్టి, మధ్య మధ్య జనాన్ని ఊపడానికి తీన్మార్ కొట్టించారు. ఒక మార్వారీ గుర్రం దానికి పక్కకి ఎగిరింది. రౌతు గట్టివాడు గనక పడలేదు. పెళ్ళి ఊరేగింపులో చూసిన కళ్ళే మళ్ళీ కనిపించాయి నాకు. స్పీకర్లు గ్యాలరీ వెనక్కి మార్చడానికి పైసా ఖర్చు లేదు, వచ్చే ఆదివారానికే మార్చాలి.

పిల్లల స్వారీ రెండు చుట్లకి 150 రూపాయలు. పొట్టి గుర్రాలు నెమ్మదివి, పట్టుకుని నడిపే కుర్రాళ్ళు ఓపికమంతులు. మా మనవరాలికి ఇచ్చిన హెల్మెట్ మాత్రం కళ్ళ మీదికి జారింది. అలా ఎక్కించను, చిన్నది తెమ్మన్నాను. వెతికి తెచ్చారు, గడ్డం కింద రెండు వేళ్ళు పట్టేలా బెల్టు బిగించి ఎక్కించాను. మీ పిల్లలకీ అదే అడగండి. మడమ కిందికి, చూపు ముందుకి అని ఒక్కసారే చెప్పాను. రెండో చుట్టుకి దాని వీపు నిటారుగా నిలబడింది. దిగాక ఎవరితోనూ మాట్లాడకుండా చాలాసేపు దాని అరచేతులు వాసన చూసుకుంటూ కూర్చుంది.

టికెట్టు పెద్దలకి 200, పిల్లలకి 100, పార్కింగు 30. మరుగుదొడ్లు శుభ్రం. మంచినీళ్ళు ఉచితం. తిండి పెద్దగా లేదు, బజ్జీలు, కొబ్బరిబొండాలు, పూతరేకులు, అంతే. వీల్‌చెయిర్ వెళ్ళే దారి వేశారు, మా ఆవిడ మోకాళ్ళకి అది కలిసొచ్చింది. గ్యాలరీకి నీడ ఒక్కవైపే ఉంది.

నేల, లాయం, మనుషుల ఓపిక చూసి అయిదుకి నాలుగిస్తాను. షో వేళ చూసి ఒకటి తగ్గించి మూడు. వేళ మారిన రోజు ఆ ఒకటి తిరిగిస్తాను. ఈలోగా వెళ్ళేవాళ్ళు తూర్పు గ్యాలరీలో కూర్చోండి, పదకొండింటి ఎండ వీపు వైపు ఉంటుంది. షో టైముకి కాకుండా తొమ్మిదిన్నరకే చేరుకోండి. అప్పుడు లాయంలో మాలిష్ జరుగుతూ ఉంటుంది, కుర్రాళ్ళని అడిగితే దగ్గరికి రానిస్తారు. వెనక నుంచి వెళ్ళకండి, భుజం వైపు నుంచి, మాట్లాడుతూ వెళ్ళండి. చెయ్యి చాచి మూతి దగ్గర పెట్టి ఆగండి, ముందు అది వాసన చూడాలి. వరసలో చివరి గదిలో ఎర్రగుర్రం ఉంటుంది. దానికి బెల్లం ముక్కంటే ఇష్టం. కుర్రాణ్ణి అడిగి, అరచెయ్యి పూర్తిగా చాపి పెట్టండి.